ఫోల్డర్ "యాక్సెస్ డినైడ్" అంటే ఏం చేయాలి: అనుమతులు సరిచేయడం నుంచి కంప్యూటర్ రీసెట్ దాకా

ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే షాపుకు తీసుకెళ్లడం, అక్కడివారు సీ డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించి ఇవ్వడం మన ఊళ్లలో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. "మీ డేటా అంతా డీ డ్రైవ్‌లో భద్రంగానే ఉంది" అని వారు చెప్పే మాట కూడా సాధారణంగా నిజమే. అయితే ఇంటికి వచ్చి ఆ డీ డ్రైవ్‌లోని ఫొటోల ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తే, దాన్ని తెరిచే అనుమతి మీకు ప్రస్తుతం లేదని చెప్పే చిన్న విండో ఎదురవుతుంది. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మరొకసారి రీసెట్ చేస్తే, అంటే విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కిస్తే, పోతుందని షాపులో సలహా ఇచ్చారు. చేయించాం, పోలేదు. రెండు రోజులు, ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రామ్‌లన్నీ పోగొట్టుకున్న తరువాత, ఆ ఫోల్డర్‌ను తెరిపించినవి దాని ప్రాపర్టీస్‌లోని రెండు చిన్న మార్పులు మాత్రమే.

అందుకే ఈ మార్గదర్శిలో రీసెట్‌ను చివర పెట్టాను. ఫోల్డర్ అనుమతుల చిక్కుల్లో చాలా వాటికి రీసెట్ మందు కాదు, కొన్నింటికి అదే కారణం. ఇక్కడ చెప్పే పద్ధతులు విండోస్ 10, విండోస్ 11 ఉన్న ఇంటి కంప్యూటర్లకు వర్తిస్తాయి. ఆఫీసు వారు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే దేనినీ మార్చకుండా అక్కడి ఐటీ విభాగానికే చెప్పాలి.

తాళం ఎవరి పేరు మీద ఉంది?

1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌నే ఈనాటి విండోస్ కంప్యూటర్లు కూడా వాడుతున్నాయి. ఇందులో ప్రతి ఫోల్డర్‌కూ, ప్రతి ఫైల్‌కూ ఒక యజమాని ఉంటారు, దాన్ని ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో, ఎవరు చెరిపేయవచ్చో చెప్పే ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితాలో రాసి ఉండేది మీ పేరు కాదు, మీ యూజర్ అకౌంట్‌కు విండోస్ ఇచ్చిన ఒక పొడవైన గుర్తింపు సంఖ్య. దాన్ని సిడ్ అంటారు. అది ఎస్-1-5-21 అని మొదలై, మధ్యలో మూడు పెద్ద అంకెల గుంపులు వచ్చి, చివర 1001 లాంటి చిన్న సంఖ్యతో ముగుస్తుంది. తెరపై మనకు కనిపించే పేరు ఆ సంఖ్యకు అతికించిన చీటీ లాంటిది మాత్రమే.

విండోస్‌ను పూర్తిగా తుడిచి మళ్లీ ఎక్కించినప్పుడు, మీరు పాత పేరుతో, పాత పాస్‌వర్డ్‌తోనే అకౌంట్ తెరిచినా దానికి కొత్త సంఖ్య వస్తుంది. డీ డ్రైవ్‌లోని ఫోల్డర్లపై మాత్రం పాత సంఖ్యే ఉండిపోతుంది. అంటే విండోస్ దృష్టిలో మీరు ఆ ఫోల్డర్‌కు పరాయివారు. అలాంటి ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి చూస్తే, మీ పేరు ఉండవలసిన చోట "అకౌంట్ అన్‌నోన్" అనీ, దాని పక్కన ఆ పాత సంఖ్యా కనిపిస్తాయి. ఆ వరుస కనిపించిందంటే రోగం తెలిసిపోయినట్టే. ఇక ఎన్నిసార్లు రీసెట్ చేసినా డీ డ్రైవ్‌లోని ఆ రాత చెరగదు, పైగా అంతా తుడిచేసిన ప్రతిసారీ మీకు మరొక కొత్త సంఖ్య వస్తుంది.

పెన్ డ్రైవ్‌లలో ఈ బాధ సాధారణంగా ఉండదు. వాటిలో వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులకు ఇలాంటి జాబితాను దాచుకునే చోటే లేదు. అందువల్ల పెన్ డ్రైవ్ నుంచి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసిన ఫైల్, తాను చేరిన ఫోల్డర్ అనుమతులనే తీసుకుంటుంది. కానీ ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి మరొక ఫోల్డర్‌కు కట్ చేసి పేస్ట్ చేసిన ఫైల్ తన పాత అనుమతులను వెంట తెచ్చుకుంటుంది. ఒకే ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు తెరుచుకుని, కొన్ని తెరుచుకోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ముందుగా ఇది అనుమతుల చిక్కేనా అని తేల్చుకోండి

చేయి పెట్టే ముందు పది నిమిషాలు ఈ పరిశీలనకు కేటాయించండి. అనుమతుల చిక్కులా కనిపించేవి చాలా ఉన్నాయి, వాటికి అనుమతులు మార్చితే ఉపయోగం ఉండదు సరికదా, కొన్నిసార్లు నష్టం జరుగుతుంది.

ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటుంది, కానీ వర్డ్ వంటి ప్రోగ్రామ్ నుంచి డాక్యుమెంట్స్‌లోకి ఫైల్ సేవ్ చేయబోతే కుదరడం లేదంటే, విండోస్ సెక్యూరిటీలో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ఆన్ అయి ఉందేమో చూడండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ నుంచి కాపాడటానికి 2017లో విండోస్ 10కు చేర్చిన ఏర్పాటు ఇది. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, ఎవరైనా ఆన్ చేస్తే అది గుర్తించని ప్రోగ్రామ్‌లను ఆపేస్తుంది. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ఆ ఒక్క ప్రోగ్రామ్‌ను అనుమతించిన జాబితాలో చేరిస్తే సరిపోతుంది.

ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ అనే గడి నిండి ఉండటం చూసి చాలామంది కంగారు పడతారు, దాన్ని తీసేసినా మళ్లీ వచ్చేస్తోందని వాపోతారు. ఫోల్డర్ విషయంలో ఆ గడి నిండి ఉండటం సహజం. అందులో ఫైళ్లు రాయడానికి అది అడ్డు కాదు, దాన్ని వదిలేయండి.

సీ డ్రైవ్‌లో "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" అనేదీ, మీ డాక్యుమెంట్స్ లోపల "మై మ్యూజిక్" వంటివీ కనిపించి తెరుచుకోకపోతే అది కూడా లోపం కాదు. అవి నిజమైన ఫోల్డర్లు కావు. పాత ప్రోగ్రామ్‌లు పాత దారిలో వెతికినప్పుడు వాటిని కొత్త చోటికి మళ్లించే దారి పలకలు. వాటిని తెరవకుండా విండోస్ కావాలనే అడ్డుకుంటుంది.

"ఫైల్ లేదా డైరెక్టరీ కరప్ట్ అయింది, చదవడం కుదరదు" అనే అర్థమున్న సందేశం వస్తే అది డిస్క్ జబ్బు. ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్‌కు వెళ్లి, ఎర్రర్ చెకింగ్ కింద ఉన్న చెక్ బటన్‌తో పరీక్షించవచ్చు. అయితే హార్డ్ డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తున్నా, ఫైళ్లు కాపీ కావడానికి విపరీతంగా సమయం పడుతున్నా, ఆ పరీక్ష కంటే ముందు దొరికిన ఫైళ్లను మరో డిస్క్‌లోకి తీసుకోవాలి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను పరీక్షల పేరుతో అలసిపోనివ్వకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరగా చెబుతున్నాను. ఫైల్ బొమ్మ మూల చిన్న తాళం గుర్తు కనిపిస్తే అది ఈఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయిన, అంటే తాళంచెవి లేనివారు చదవలేని సంకేతాలుగా మారిన ఫైల్. విండోస్ ప్రొ వంటి ఎడిషన్లలో ఈ సౌకర్యం ఉంటుంది. దీన్ని తెరవడానికి అనుమతి ఒక్కటే చాలదు, పాత అకౌంట్‌లో ఉన్న సర్టిఫికెట్, అంటే దాన్ని విప్పే డిజిటల్ తాళంచెవి కావాలి. ఆ సర్టిఫికెట్‌ను బయట ఎక్కడా భద్రపరచకుండా కంప్యూటర్‌ను తుడిచేస్తే, ఆ ఫైళ్లు డిస్క్‌పై ఉండి కూడా ఎప్పటికీ తెరుచుకోవు. తాళం గుర్తు కనిపించిన కంప్యూటర్‌ను, ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా రీసెట్ చేయించకండి. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా వినకండి.

యజమాని పేరు మార్చడం

ఇవేవీ కావని తేలితే అసలు పనిలోకి దిగవచ్చు. అడ్మినిస్ట్రేటర్ హోదా ఉన్న అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. ఉదాహరణకు డీ డ్రైవ్‌లో ఫొటోలు అనే ఫోల్డర్ తెరుచుకోవడం లేదనుకుందాం.

మొదట ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి, సెక్యూరిటీ ట్యాబ్‌లో కింద ఉన్న అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కండి. కొత్తగా తెరుచుకున్న విండోలో పైభాగాన ఓనర్ అనే వరుస ఉంటుంది. అక్కడ అకౌంట్ అన్‌నోన్ అని గానీ, యజమాని ఎవరో చూపించడం కుదరదని గానీ కనిపిస్తుంది. దాని పక్కనున్న ఛేంజ్ నొక్కండి.

ఇప్పుడు పేరు అడిగే చిన్న విండో వస్తుంది. అందులో మీ అకౌంట్ పేరు టైప్ చేసి చెక్ నేమ్స్ నొక్కితే, పేరు సరైనదైతే దాని కింద గీత పడుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే స్టార్ట్ మెనూలో కనిపించే పూర్తి పేరు అసలు అకౌంట్ పేరు కాకపోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవారు తమ ఈమెయిల్ అడ్రస్ పూర్తిగా టైప్ చేసి చూడాలి. అదీ కుదరకపోతే అదే విండోలో అడ్వాన్స్‌డ్ నొక్కి, ఫైండ్ నౌ నొక్కితే ఈ కంప్యూటర్‌లోని అకౌంట్లన్నీ వరుసగా వస్తాయి, అందులోంచి మీది ఎంచుకోవచ్చు.

ఓకే చేశాక ఓనర్ వరుస కింద, లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ కూడా యజమానిని మార్చమనే గడి కొత్తగా కనిపిస్తుంది. దానికి "రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్" అని పేరు. దానిలో టిక్ పెట్టి అప్లై నొక్కండి. ఈ టిక్ మరిచిపోతే పై ఫోల్డర్ మాత్రం మీదవుతుంది, లోపలివి పాత సంఖ్య పేరు మీదే ఉండిపోతాయి. మధ్యలో, లోపలి ఫోల్డర్‌ను చదివే అనుమతి మీకు లేదనీ, ఫుల్ కంట్రోల్ ఇచ్చే అనుమతులతో మార్చమంటారా అనీ అడిగితే యెస్ చెప్పవచ్చు. ఇది మీ ఒక్కరి ఫొటోలో, పాటలో ఉన్న ఫోల్డర్ కాబట్టే ఆ మాట అంటున్నాను. ఇంట్లో వేర్వేరు మనుషులకు వేర్వేరు అనుమతులు పెట్టుకున్న ఫోల్డర్ అయితే ఆ ఏర్పాటంతా దీనితో చెరిగిపోతుంది.

తరువాత తెరిచిన విండోలన్నీ ఓకే నొక్కి మూసేయండి. యజమాని మారిన సంగతి ఆ విండోలకు వెంటనే తెలియదు, మూసి మళ్లీ ప్రాపర్టీస్ తెరిస్తేనే కొత్త జాబితా కనిపిస్తుంది.

అనుమతి రాయడం

యజమాని అయినంత మాత్రాన ఫోల్డర్ తెరుచుకుంటుందని లేదు. అనుమతులు రాసే హక్కు మాత్రమే యజమానికి దక్కుతుంది, ఆ అనుమతిని మీకు మీరే రాసుకోవాలి. మళ్లీ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ దారిలో వెళ్లి, పర్మిషన్స్ ట్యాబ్‌లో యాడ్ నొక్కండి. సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్ అనే చోట మీ అకౌంట్‌ను ఎంచుకుని, టైప్ దగ్గర అలౌ, అప్లైస్ టు దగ్గర ఈ ఫోల్డర్, సబ్‌ఫోల్డర్లు, ఫైళ్లు అనే ఎంపిక ఉండేలా చూసి, ఫుల్ కంట్రోల్‌కు టిక్ పెట్టండి. ఇంట్లోని మరొకరికి ఇస్తున్నట్టయితే మాడిఫై చాలు. దానితో వారు చదవగలరు, మార్చగలరు, చెరపగలరు, అనుమతుల జాబితాను మాత్రం మార్చలేరు.

ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది. జాబితాలో అడ్మినిస్ట్రేటర్స్ అనే బృందానికి ఫుల్ కంట్రోల్ అప్పటికే ఉంది, నేనూ అడ్మినిస్ట్రేటర్‌నే, మరి ఎందుకు తెరుచుకోదు? యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే రక్షణ వల్ల మీరు రోజూ వాడే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మామూలు యూజర్ హోదాలోనే నడుస్తుంది, తెర మసకబారి "అనుమతిస్తారా" అని అడిగి మీరు యెస్ అన్నప్పుడే పెద్ద హోదా పనిచేస్తుంది. కాబట్టి బృందం పేరు మీద ఉన్న హక్కు మీద ఆధారపడకుండా, మీ అకౌంట్ పేరుతోనే అనుమతి రాయాలి.

అదే జాబితాలో అకౌంట్ అన్‌నోన్ వరుసలుంటే ఎంచుకుని రిమూవ్ చేయవచ్చు. డినై అని ఉన్న వరుసలను మరింత జాగ్రత్తగా చూడండి. ఒకే ఫోల్డర్ మీద నేరుగా రాసిన అలౌ, డినై రెండూ ఉంటే డినై మాటే చెల్లుతుంది. ఫోల్డర్‌కు తాళం వేస్తామని చెప్పే కొన్ని ప్రోగ్రామ్‌లు ఎవ్రీవన్ పేరు మీద ఒక డినై రాసి ఊరుకుంటాయి. ప్రోగ్రామ్‌ను తీసేసినా ఆ వరుస పోదు. దాన్ని తొలగించండి.

ఒక వరుస తొలగడం లేదంటే అది పై ఫోల్డర్ నుంచి దిగివచ్చిందని అర్థం. ఇన్హెరిటెడ్ ఫ్రమ్ అనే నిలువు వరుసలో ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంటుంది, అక్కడికి వెళ్లి సరిచేయాలి. కింద ఎనేబుల్ ఇన్హెరిటెన్స్ అనే బటన్ కనిపిస్తుంటే, ఈ ఫోల్డర్ పైవాటితో సంబంధం తెగి ఉందని అర్థం, దాన్ని నొక్కి కలపండి. చివరగా, లోపలివాటి అనుమతులన్నిటినీ ఈ ఫోల్డర్ అనుమతులతో మార్చమనే "రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్ పర్మిషన్ ఎంట్రీస్" గడిలో టిక్ పెట్టి అప్లై నొక్కండి. వేల ఫొటోలున్న పాత హార్డ్ డిస్క్‌లో దీనికి చాలాసేపు పట్టవచ్చు. మధ్యలో ఆపేస్తే సగం ఫైళ్లు ఒక రకంగా, సగం మరో రకంగా మిగులుతాయి కాబట్టి ఓపిక పట్టాలి.

అయిపోయాక అదే విండోలో ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్‌కు వెళ్లి, మీ అకౌంట్‌ను ఎంచుకుని చూస్తే ఏ హక్కుకు పచ్చ టిక్ ఉందో, దేనికి ఎర్ర గుర్తు ఉందో కనిపిస్తుంది. ఆ తరువాత ఒక ఫొటో తెరిచి చూడండి, ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తయారుచేసి చెరిపి చూడండి. చదవడం, రాయడం, చెరపడం మూడూ జరిగితేనే పని పూర్తయినట్టు.

ఫోల్డర్ మరీ పెద్దదైతే

విండోలతో పని సాగకపోతే, ఆదేశాలను టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌ను వాడవచ్చు. స్టార్ట్‌లో దాని పేరు వెతికి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. ఇక్కడ పనికొచ్చే కమాండ్‌ను ఇంగ్లిషులో ఐ, సి, ఏ, సి, ఎల్, ఎస్ అనే ఆరు అక్షరాలతో రాస్తారు. దాని తరువాత ఖాళీ వదిలి, ఫోల్డర్ పూర్తి చిరునామాను డబుల్ కోట్స్ మధ్య ఇచ్చి, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ రీసెట్, స్లాష్ టి, స్లాష్ సి అనే మూడు మాటలు వరుసగా చేర్చాలి. రీసెట్ అంటే ఫోల్డర్‌పై విడిగా రాసిన అనుమతులన్నీ తీసేసి పై ఫోల్డర్ నుంచి వచ్చేవే ఉంచమని, టి అంటే లోపలివాటన్నిటికీ చేయమని, సి అంటే మధ్యలో ఒక ఫైల్ దగ్గర తప్పు వచ్చినా ఆగకుండా సాగమని అర్థం. యజమాని మార్పు ముందే అయి ఉండాలి. మామూలుగా ఫార్మాట్ చేసిన డీ డ్రైవ్ మూలంలో, అంటే ఫోల్డర్లన్నిటికీ పైనున్న మొదటి స్థాయిలో, లాగిన్ అయిన యూజర్లకు మాడిఫై హక్కు మొదటి నుంచే ఉంటుంది కనుక, ఈ ఒక్క వరుసతో ఫోల్డర్ సాధారణ స్థితికి వస్తుంది.

ఈ కమాండ్‌ను సీ డ్రైవ్ మూలం మీద ఎన్నడూ నడపకండి. విండోస్ ఫోల్డర్, ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ యాప్స్, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ వంటివాటికి ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్, సిస్టమ్ వంటి ప్రత్యేక యజమానులు ఉంటారు. వైరస్ చేతికి చిక్కకుండా వాటిని కాపాడే గోడ అదే. సీ డ్రైవ్ మొత్తానికి ఎవ్రీవన్ పేరుతో ఫుల్ కంట్రోల్ ఇస్తే అన్నీ తెరుచుకుంటాయని చెప్పే సలహాలు తరచూ కనిపిస్తాయి, వాటిని పాటించిన కంప్యూటర్లలో స్టార్ట్ మెనూ నుంచి అప్‌డేట్ల దాకా ఒక్కొక్కటే ఆగిపోతాయి. అలా చెడిపోయిన సీ డ్రైవ్ అనుమతులను ఒక్కొక్కటిగా మళ్లీ పేర్చే సులువైన దారి లేదు. రీసెట్ నిజంగా అవసరమయ్యే సందర్భం అదే.

రీసెట్ ఎప్పుడు?

ఆ నిర్ణయానికి ముందు ఒక పరీక్ష చేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి కొత్తగా ఒక లోకల్ అకౌంట్ తెరిచి, దానికి అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చి, దానితో లాగిన్ అవ్వండి. అక్కడ అన్నీ సవ్యంగా నడిస్తే చెడింది మీ పాత ప్రొఫైల్, అంటే ఆ అకౌంట్ ఫైళ్లు, సెట్టింగ్‌లు ఉండే ఫోల్డర్ మాత్రమే. ఫైళ్లను కొత్త అకౌంట్‌లోకి కాపీ చేసుకుని కొనసాగవచ్చు, రీసెట్ అక్కర్లేదు. కొత్త అకౌంట్‌లోనూ ప్రోగ్రామ్‌లు తెరుచుకోక, అప్‌డేట్లు ఎక్కక, యాక్సెస్ డినైడ్ అనే మాటే ఎదురవుతుంటే దెబ్బ విండోస్‌కే తగిలింది.

అప్పుడు కూడా మధ్యలో మరొక మెట్టు ఉంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలను సరిచేసే ఏర్పాటు కనిపిస్తుంది. దానిలో రీఇన్‌స్టాల్ నౌ నొక్కితే ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు, సెట్టింగ్‌లు ఉండగానే విండోస్ మళ్లీ ఎక్కుతుంది. నా సలహా ఏమిటంటే, రీసెట్‌కు ముందు దీన్ని తప్పకుండా ప్రయత్నించండి.

రీసెట్‌కు ముందు

రీసెట్‌లో రెండు దారులుంటాయి. కీప్ మై ఫైల్స్ అంటే మీ డాక్యుమెంట్లు, ఫొటోలు ఉంటాయి, ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌లు, సెట్టింగ్‌లు పోతాయి. రిమూవ్ ఎవ్రీథింగ్ అంటే పేరులోనే ఉంది. మొదటి దారిలోనూ ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్ డేటా, మీ ప్రొఫైల్‌లోని యాప్‌డేటా ఫోల్డర్లలో ఉన్నవాటి మీద ఆశ పెట్టుకోకూడదు. బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు యాప్‌డేటాలోనే ఉంటాయి. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, ముందుగా అంతా ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను మరో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మకండి. వన్‌డ్రైవ్ వాడేవారు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ నిజంగా క్లౌడ్‌లోకి చేరాయో లేదో బ్రౌజర్‌లో చూసి నిర్ధారించుకోవాలి.

డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్‌తోనో, డివైస్ ఎన్‌క్రిప్షన్‌తోనో మీ డ్రైవ్ లాక్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ కావలసి రావచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడే ఈ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండా ఆన్ అవుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది. ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ కంప్యూటర్‌లోనే నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే అక్కరకు రాదు.

తెలుగు టైపింగ్, డీటీపీ పని చేసేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. నిర్మలా యూఐ వంటి యూనికోడ్ ఫాంట్లు విండోస్‌తోనే వస్తాయి కనుక మళ్లీ దొరుకుతాయి. అను వంటి పాత పద్ధతి ఫాంట్లూ, వాటి కీబోర్డ్ ప్రోగ్రామూ విండోస్‌లో భాగం కావు. వాటి ఇన్‌స్టాలర్, లైసెన్స్ చేతిలో లేకుండా రీసెట్ చేస్తే, ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు తెరిచినప్పుడు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తాయి. ఫైళ్లు చెడిపోలేదు, వాటిని తెలుగుగా చూపించే ఫాంట్ లేదంతే. అయినా ఆ క్షణంలో కలిగే ఆందోళన చిన్నది కాదు.

ఇక ఈ మార్గదర్శి అసలు విషయానికి నేరుగా సంబంధించిన ఏర్పాటు ఒకటుంది. డీ డ్రైవ్‌లోని ముఖ్యమైన ఫోల్డర్లకు, రీసెట్‌కు ముందే, యూజర్స్ అనే బృందం పేరుతో మాడిఫై అనుమతి రాసిపెట్టండి. మీ సొంత అకౌంట్ సంఖ్య మారుతుంది గానీ, యూజర్స్ బృందం సంఖ్య ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఒకటే, అది ఎస్-1-5-32-545. కొత్త విండోస్‌లో మీ కొత్త అకౌంట్ కూడా ఆ బృందం హక్కుతోనే ఆ ఫోల్డర్లను తెరవగలుగుతుంది. అయితే ఆ కంప్యూటర్‌లో అకౌంట్ ఉన్న అందరూ వాటిని తెరవగలరు కాబట్టి, పని అయ్యాక మళ్లీ మీ పేరుకు పరిమితం చేసుకోవచ్చు.

రీసెట్ చేయడం

ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు కలిపి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు, కరెంటు కోతల వేళ అసలే వద్దు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ పీసీ అనే దారిలో, విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీ అనే దారిలో వెళ్లాలి. విండోస్ లోపలికే వెళ్లలేని స్థితి అయితే, లాగిన్ తెర మీద షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఇస్తే వచ్చే నీలి తెరలో ట్రబుల్‌షూట్ కింద ఇదే దొరుకుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, కంప్యూటర్‌కు తగిన అర్హత ఉంటే ఈ సందర్భంలోనే విండోస్ 11కు మారడం మంచిది.

తరువాత క్లౌడ్ డౌన్‌లోడ్, లోకల్ రీఇన్‌స్టాల్ అనే రెండు ఎంపికలు వస్తాయి. సీ డ్రైవ్ అనుమతులు చెడి రీసెట్‌కు వచ్చినవారు మొదటిదే ఎంచుకోవాలని నా అభిప్రాయం. రెండోది చెడిన ఫైళ్ల నుంచే విండోస్‌ను మళ్లీ కూర్చబోతుంది, మధ్యలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ. క్లౌడ్ డౌన్‌లోడ్‌కు 4 జీబీకి పైగా డేటా అవసరం, మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు ఆ లెక్క ముందే చూసుకోవాలి.

రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకున్నవారు ఛేంజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అన్ని డ్రైవ్‌లలోని ఫైళ్లను చెరపాలా అనే స్విచ్ నో మీద ఉందని కళ్లారా చూడాలి. అది యెస్ మీద ఉంటే మీ డీ డ్రైవ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. క్లీన్ డేటా అనేది కంప్యూటర్‌ను అమ్మేవారికి పనికొస్తుంది, మనకు అక్కర్లేదు. చివరి తెర ఏవేవి పోతాయో రాసి చూపిస్తుంది. ఆ వరుసలు పూర్తిగా చదివాకే రీసెట్ నొక్కండి. మధ్యలో చాలాసార్లు ఆగి మొదలవుతుంది, తెర నల్లగా ఉండిపోయినా పవర్ బటన్ ముట్టుకోకండి.

రీసెట్ తరువాత

లాగిన్ అయ్యాక ముందు డీ డ్రైవ్ తెరిచి చూడండి. ఫోల్డర్ తెరవబోతే కంటిన్యూ బటన్‌తో కూడిన విండో వస్తే, ఆ ఫోల్డర్ మీదేనని నిశ్చయమైతే నొక్కవచ్చు. అది మీ కొత్త అకౌంట్‌ను ఆ ఫోల్డర్ జాబితాలో శాశ్వతంగా చేరుస్తుంది. దానితోనూ తెరుచుకోకపోతే పైన చెప్పిన యజమాని మార్పు, అనుమతి రాయడం ఒకసారి చేస్తే చాలు. ఒరిజినల్ విండోస్ అయితే ఇంటర్నెట్ అందగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కీప్ మై ఫైల్స్ దారిలో వచ్చినవారికి, ఏ ప్రోగ్రామ్‌లు తొలగిపోయాయో చెప్పే జాబితా ఒకటి డెస్క్‌టాప్ మీద కనిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే ఎక్కించుకోవచ్చు.

సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ కనిపిస్తే తొందరపడి చెరపవద్దు. మరిచిపోయిన ఫైల్ ఏదైనా అందులో దొరకవచ్చు, అయితే కొద్ది రోజుల్లో విండోస్ దాన్ని తానే తీసేస్తుంది కాబట్టి వెతకవలసిందేదో వెంటనే వెతకాలి. బయటి హార్డ్ డిస్క్‌లోని బ్యాకప్‌ను మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ తమ ఫోల్డర్లు తెరిచి, ఒక ఫైల్ మార్చి సేవ్ చేసి చూసేదాకా అలాగే ఉంచండి.